సబ్బు రహస్యాన్ని విప్పిన శతాధిక విద్యార్థి – షెవ్రెల్

గత విద్యాసంవత్సరంలో రసాయనశాస్త్ర విభాగపు విద్యార్థులం కొందరం కలిసి కళాశాల ప్రదర్శన నిమిత్తం సబ్బు తయారుచేశాము. కొబ్బరినూనె, వేరుశనగనూనె కలిపి, నీటిలో కరిగించిన కాస్టిక్ సోడాను అందులో పోసి, చెక్క అచ్చులో గడ్డకట్టించి, మరునాడు సన్నని తీగతో 36 బిళ్ళలుగా కోశాము. కోసిన నాడు అవి చిన్న ఇటుకలవలె అంచులు సూటిగా, ముఖాలు చదునుగా ఉన్నాయి. ఆరు వారాలు బల్లమీద ఆరిన పిమ్మట చూడగా ఒక్క బిళ్ళ అయినా తిన్నగా లేదు. ముఖాలు లోపలికి గుంటపడ్డాయి. మూలలు కొమ్ములవలె పైకి లేచాయి. పలుచగా కోసినవి పడవలవలె వంగిపోయాయి. ప్రదర్శన చూడవచ్చిన పెద్దలొకరు ఇవి ఎవరి చేతకాని చేతులు కోసినవని నవ్వారు. ఆ మాట తీగ పట్టి కోసిన మా మిత్రునికి గట్టిగా తగిలింది. మేమైనా అతని పక్షాన నిలిచామా అంటే, లేదు. అచ్చు సరిగానే ఉన్నది, నూనె సరిగానే ఉన్నది, కనుక తప్పు కోతలోనే ఉండితీరాలని మేమూ తీర్మానించుకొన్నాము. అటుపిమ్మట కొన్నాళ్ళపాటు అతడు ప్రయోగశాల వైపు రాలేదు.

విషయం తెలిసిన మా ఉపన్యాసకులు ఎవరినీ మందలించలేదు. సబ్బు అంటే ఏమిటో లోకానికి మొట్టమొదట తేల్చిచెప్పిన మనిషి జీవితం చదివి, ఆ తరువాత తప్పెవరిదో నిర్ణయించుకొమ్మన్నారు. అలా చదివినదే ఈ వ్యాసం. ఆ మనిషి పేరు మిషెల్ యూజీన్ షెవ్రెల్. ఫ్రాన్సు దేశంలో ఆంజే అనే పట్టణంలో 1786వ సంవత్సరం ఆగస్టు 31వ తేదీన జన్మించారు. 1889 ఏప్రిల్ 9న పారిస్‌లో కన్నుమూశారు. అనగా నూటరెండు సంవత్సరాల ఏడు మాసాల పైచిలుకు జీవితం. ఆయన పుట్టినపుడు పదహారవ లూయీ సింహాసనంపై ఉన్నాడు. పోయినపుడు ఆ దేశంలో మూడవ గణతంత్రం నడుస్తున్నది. నడుమ జరిగిన విప్లవం, నెపోలియన్ యుద్ధాలు, రాజుల పునరాగమనం, పతనం అన్నీ ఆయన కిటికీ ముందు నుండే నడిచిపోయాయని చెప్పవచ్చు.

తండ్రి వైద్యుడు. తల్లిదండ్రులిద్దరూ తొంభై దాటి జీవించిన వారు కనుక దీర్ఘాయువు ఆయనకు వంశపారంపర్యంగా వచ్చిందనవచ్చు. బాల్యంలోనే విప్లవకాలపు గిలటిన్ శిక్షలను కండ్లారా చూడవలసి వచ్చింది. పదిహేడేండ్ల ప్రాయంలో, 1803లో, పారిస్ చేరి వోక్లాన్ అనే ప్రసిద్ధ రసాయనవేత్త వద్ద శిష్యుడుగా కుదిరారు. గురువు నిరాడంబరుడు, శిష్యుడు శ్రమజీవి. ప్రకృతిశాస్త్ర మ్యూజియంతో ఆనాడు ఏర్పడిన అనుబంధం ఎనిమిది దశాబ్దాల పర్యంతం తెగలేదు.

ఇక అసలు కథ. 1811 ప్రాంతంలో ఒక వస్త్ర కర్మాగారం వారు వాడే మెత్తని సబ్బు ఆయన చేతికి పరీక్షకై వచ్చింది. పందికొవ్వును పొటాష్ క్షారంతో వండిన సబ్బు అది. నీటిలో కరిగించి చూడగా అడుగున ముత్యాలవలె మెరిసే పొలుసులు పేరుకొన్నాయి. వాటిపై ఆమ్లాన్ని ప్రయోగించగా క్షారం విడిపోయి, తెల్లని, నిగనిగలాడే ఒక పదార్థం మిగిలింది. చూడబోతే కొవ్వువలె ఉన్నది, స్వభావానికి ఆమ్లము. కొవ్వులో ఆమ్లమా! ఆనాటి పండితులు ఊహించని మాట అది. ముత్యానికి గల గ్రీకు పదాన్ని బట్టి దానికి మార్గరిక్ ఆమ్లమని నామకరణం చేశారు. అది ఒకే పదార్థం కాదనీ, రెండు ఆమ్లాల మిశ్రమమనీ తరువాతి వారు తేల్చారు. కాని ఆ పేరు మాత్రం చావలేదు. 1869లో ఫ్రాన్సులోనే వెన్నకు బదులుగా పుట్టిన మార్గరిన్‌కు ఆ పేరే దక్కింది.

అంతవరకు సబ్బు తయారీ చేతివాటపు విద్య. మనుషులు సబ్బు వండడం వేల ఏండ్లనాటి మాట. హలబ్, నాబ్లుస్ నగరాలలో ఆలివ్ నూనెతో సబ్బు వండేవారు తరతరాలుగా ఉన్నారు. లాటిన్ సాపో, అరబీ సాబూన్, ఉర్దూ సాబున్, మన సబ్బు, ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన మాటలన్న సంగతి మన కళాశాలలో రెండు భాషల విద్యార్థులకూ సంతోషం కలిగించేదే. మార్సేయ్ సబ్బులో ఆలివ్ నూనె తప్ప వేరు కొవ్వు కలపరాదని ఫ్రెంచి రాజశాసనం 1688లోనే వెలువడింది. ఉప్పు నుండి సోడా తీసే పద్ధతిని లెబ్లాన్ 1791లో కనుగొన్నాడు. ఇంత జరిగినా బానలో ఏమి జరుగుతున్నదో ఎవరికీ తెలియదు. నూనె, క్షారము అట్లే పోయి ఒకదానితో ఒకటి అతుక్కొంటాయని అనుకొనేవారు. వంట చెడితే వంటవాని చేతిని, కట్టెలను, గ్రహచారాన్ని నిందించేవారు.

షెవ్రెల్ పది పన్నెండేండ్లు ఇదే పనిమీద కూర్చున్నారు. మానవుని కొవ్వు, గొర్రె కొవ్వు, ఎద్దు కొవ్వు, వెన్న, డాల్ఫిన్ నూనె ఇలా ఒకటొకటిగా తీసుకొని సబ్బుగా మార్చి, ఆ సబ్బును మరల విడదీసి, వచ్చిన ప్రతి వస్తువునూ తూచారు. ఫలితాన్ని ఈనాడు ఇంటర్మీడియట్ విద్యార్థి సైతం ఒక్క వాక్యంలో వ్రాయగలడు: క్షారం కొవ్వును చీల్చుతుంది, కొవ్వులోని ఆమ్లం క్షారంతో కూడి సబ్బు అవుతుంది, గ్లిసరిన్ వేరుపడుతుంది. ఆ తియ్యని ద్రవాన్ని స్వీడన్ దేశపు షీలే 1779లోనే చూశాడు. గ్లిసరిన్ అని పేరుపెట్టి, ప్రతి మామూలు కొవ్వులోనూ అది ఒక భాగస్వామి అని స్థాపించినవారు షెవ్రెల్. విడివడిన ఆమ్లాల బరువు, గ్లిసరిన్ బరువు కూడితే మొదటి కొవ్వు బరువుకంటె కొంచెం ఎక్కువ వచ్చేది. తూకం తప్పని కొట్టివేయక, ఆ ఎక్కువ ఎక్కడిదని ఆలోచించి, చీలిక సమయంలో నీరు వచ్చి చేరుతున్నదని గ్రహించారు. ఒక చిన్న తేడాను తరాజుపై నమ్మడం వల్ల వచ్చిన జ్ఞానం ఇది. (మన ప్రయోగశాల త్రాసు గాలి వీచినా ఊగుతుందని కమిటీ పెద్దలకు ఇదే సందర్భంలో మనవి చేసుకొంటున్నాము.)

ఆయన వేరుచేసిన వాటిలో రెండు ఆమ్లాలు మా కథకు ముఖ్యము. స్టియరిక్ ఆమ్లం గట్టిది, దాదాపు 69 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గాని కరగదు. ఓలియిక్ ఆమ్లం మామూలు వేడిమిలో నూనెవలె ద్రవంగా ఉంటుంది. వెన్నలోని బ్యూటిరిక్ ఆమ్లాన్ని కూడ ఆయనే వెలికితీశారు. ముక్కవెన్న వాసనకు మూలకారణం అదే. వీటిని ఒకదానినుండి మరొకదానిని వేరుచేయడానికి ఆయనకు ఈనాటి యంత్రాలేవీ లేవు. కరగించడం, స్ఫటికంగా గట్టిపరచడం, మరల కరగించడం. ద్రవీభవన స్థానం ఇక ఎంతమాత్రం మారని దశ వచ్చినప్పుడే అది శుద్ధపదార్థమని ఒప్పుకొనేవారు. మేము ఒక ఉప్పును రెండుసార్లు స్ఫటికీకరించేసరికే గడియారం చూస్తామన్న సంగతి ఇక్కడ ఒప్పుకొనక తప్పదు.

ఈ పరిశోధనల సారాన్ని 1823లో జంతు సంబంధమైన కొవ్వులపై గ్రంథంగా ప్రకటించారు. దానికి ముందే, 1815లో, మధుమేహ రోగి మూత్రంలోని చక్కెర ద్రాక్ష చక్కెరతో సమానమని చూపారు. పిత్తాశయపు రాళ్ళలోని మైనం వంటి పదార్థానికి 1816లో కొలెస్టరిన్ అని పేరు పెట్టారు. నేడు రక్తపరీక్ష కాగితం మీద కొలెస్టరాల్ అన్న మాట చూసి బెంగపడే వారికి ఆ పేరు పెట్టిన పెద్దమనిషి శతాధికుడై జీవించాడని చెబితే కొంత ఊరట కలుగవచ్చు.

కొవ్వు వత్తుల పొగ, కంపు భరించవలసిన కాలమది. గ్లిసరిన్ తీసివేసి గట్టి ఆమ్లంతో కొవ్వొత్తి చేస్తే పొగ లేకుండా వెలుగుతుందని తోచి, మిత్రుడు గే-లుస్సాక్‌తో కలిసి 1825లో హక్కుపత్రం పొందారు. వ్యాపారం సాగలేదు. వత్తి సరిగా కాలలేదు, తయారీ ఖర్చు ఎక్కువయింది. 1830 తరువాత ఇతరులు లోపాలను సరిదిద్దగా ఐరోపా ఇళ్ళలో దీపాలు మారిపోయాయి. లాభం వారిది అయింది. షెవ్రెల్ దీనికై తగవులాడినట్లు మేము చదవలేదు. ఆయనకు అప్పటికే వేరొక పని తగిలింది.

1824లో ప్రభుత్వం వారు గోబ్లాన్ రాజకీయ నేతశాలలో అద్దకపు విభాగానికి ఆయనను అధిపతిగా నియమించారు. చిత్రపటాలవంటి తెరలు నేసే ప్రఖ్యాత సంస్థ అది. అక్కడ ఆయనకు ఎదురైన మొదటి సమస్య ఒక ఫిర్యాదు. నీడలు నేయడానికి వాడే నల్లదారం వెలవెలబోతున్నదని, నీలం, ఊదా రంగుల పక్కన నలుపు నలుపుగా కనబడడం లేదని నేతగాళ్ళ ఆరోపణ. అద్దకపువారు రంగు సరిగా వేయడం లేదని అందరి అనుమానం. షెవ్రెల్ ఆ నల్లదారాన్ని ఇతర దేశాల మేలిరకపు దారాలతో పోల్చి చూశారు. లోపమేమీ లేదు. దారాన్ని ఒంటరిగా చూస్తే కారునలుపే. నీలం పక్కన పెట్టి చూస్తేనే చిన్నబోతున్నది. లోపం తొట్టిలో లేదు, పక్కనున్న రంగులో, చూచే కంటిలో ఉన్నదన్నమాట. పక్కపక్కనున్న రెండు రంగులు ఒకదానినొకటి మార్చి చూపుతాయన్న సూత్రాన్ని ఆయన ఇక్కడి నుండే అల్లారు. ఆ విషయమై 1839లో వెలువడిన గ్రంథం రసాయనవేత్తలకంటె చిత్రకారులకు ఎక్కువ పనికివచ్చింది. చుక్కచుక్కగా రంగులు పేర్చి చిత్రాలు వేసిన స్యూరా దానిని శ్రద్ధగా చదివినవాడు. 72 వర్ణాలతో ఆయన కూర్చిన వర్ణచక్రం అద్దకపువారికి కొలబద్ద అయింది.

ఈ ఘట్టం చదువుతున్నప్పుడు మాలో ఎవరమూ ఒకరి ముఖం ఒకరం చూడలేదు. ఆ అద్దకపువారిపై పడిన నిందకూ, మా మిత్రునిపై మేము వేసిన నిందకూ పోలిక దాచేది కాదు. షెవ్రెల్ ముందు వస్తువును పరీక్షించి, ఆ తరువాత మనిషిని గూర్చి మాట్లాడారు. మేము ముందే మనిషిని తేల్చివేశాము.

కనుక మేమూ వస్తువును పరీక్షించాము. క్రొత్తగా సబ్బు పోసి, అచ్చులోనే చదునుగా, సమానంగా ఉన్న బిళ్ళలను తీగ తగలకుండా తీసి ఆరబెట్టి, వారం వారం తూచాము. తీగ తగలని ఆ బిళ్ళలూ ముందటివలెనే వంగాయి. బరువులో సుమారు ఎనిమిదవ వంతు పోయింది. పోయినది నీరే. నూనె, క్షారం కలిసి సబ్బుగా మారడం మొదటి ఒకటి రెండు దినాలలోనే చాలవరకు ముగుస్తుంది. తరువాతి వారాలలో జరిగేది ముఖ్యంగా నీరు ఇగిరిపోవడం, సబ్బు లోపలి స్ఫటికాల అల్లిక బిగుసుకోవడం. నీరు పోయినంత మేర సబ్బు కుంచించుకొంటుంది. అయితే అన్ని వైపులా ఒకే తీరున కాదు. అంచులకు, మూలలకు రెండు మూడు వైపుల నుండి గాలి తగులుతుంది కనుక అవి ముందే ఆరి గట్టిపడి అక్కడే నిలిచిపోతాయి. నడిమి భాగం నెమ్మదిగా ఆరుతూ, ఆలస్యంగా కుంచించుకొంటూ ముఖాన్ని లోపలికి లాగుతుంది. గుంటలు అందువల్ల. బల్లకు అంటియున్న అడుగుభాగానికి గాలి లేదు, పైభాగం ముందే ఆరి పొట్టిదవుతుంది. అందువల్ల పలుచని బిళ్ళ చివరలు పైకి లేచి పడవ ఆకారం వస్తుంది. నాబ్లుస్ పనివారు సబ్బుబిళ్ళలను మధ్యలో బోలుగా, నడుమ నడుమ సందులు విడుస్తూ ఎత్తైన గోపురాలుగా పేర్చి నెలల తరబడి ఆరబెట్టడంలోని కిటుకు ఇదే. గాలి అన్ని ముఖాలకూ సమంగా తగలాలి.

మరి కొన్ని సబ్బులు ఎక్కువగానూ, కొన్ని తక్కువగానూ ఎందుకు వంగుతాయి? ఇక్కడ షెవ్రెల్ తాళంచెవి పనికివస్తుంది. మేము వాడిన వేరుశనగనూనెలో ఓలియిక్ ఆమ్లం పాలు హెచ్చు. దాని సబ్బు మెత్తగా ఉండి నిదానంగా గట్టిపడుతుంది. స్టియరిక్, పామిటిక్ ఆమ్లాలు హెచ్చుగా గల కొవ్వుతో చేసిన సబ్బు త్వరగా బిగుసుకొంటుంది. ఇంటిలో చేసిన సబ్బులో గ్లిసరిన్ లోపలే ఉండిపోతుంది, అది తేమను పట్టి ఉంచుతుంది. మార్సేయ్‌లోవలె ఉప్పునీటితో విడగొట్టి తీస్తే గ్లిసరిన్ చాలవరకు వెలుపలికి పోతుంది. దీనికి తోడు మేము క్షారాన్ని కరగించడానికి అవసరమైన దానికంటె ఎక్కువ నీరు పోశాము. ఆ పని చేసినది కోసిన మిత్రుడు కాదు, ఈ వ్యాసం వ్రాస్తున్న వారిలో ఒకరు. ఇందులో బజారు సంగతి కూడ ఒకటి ఉన్నది. పచ్చిసబ్బును తూకానికి అమ్మితే కొనేవాడు నీటికి డబ్బు చెల్లిస్తున్నాడు. ఆరి వంకరపోయిన బిళ్ళయే కొనేవానికి నిజమైన సరుకు.

షెవ్రెల్ కథకు తిరిగి వస్తాము. 1826లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ సభ్యత్వం లభించింది. గురువు వోక్లాన్ అనంతరం 1830లో మ్యూజియంలో ఆచార్యపీఠం అధిష్ఠించారు. లండన్ రాయల్ సొసైటీ వారు 1857లో కోప్లే పతకంతో సత్కరించారు. తరువాత మ్యూజియం సంచాలకులయ్యారు. ఈ పదవుల పట్టిక పొడిగించడం మాకు ఇష్టం లేదు. ఆయన చేసిన మరొక పరీక్ష చెప్పుకోవడం మేలు.

దారానికి ఇనుప ఉంగరం కట్టి పాదరసంపై వేలాడదీస్తే అది తనంత తాను ఊగుతుందని ఆనాడు చాలమంది నమ్మేవారు. షెవ్రెల్ ప్రయత్నించగా ఆయన చేతిలోనూ ఊగింది. అక్కడితో ఆగక, చేతిని ఆనుకొనే ఆధారంపై పెట్టి చూశారు. ఊపు తగ్గింది. కళ్ళకు గంతలు కట్టించుకొని చూశారు. పాదరసం ఉన్నదీ లేనిదీ తెలియనప్పుడు ఉంగరం దానికి తగినట్లు నడవడం మానివేసింది. మోసగాడు ఎవరూ లేడు, దయ్యమూ లేదు. ఊగుతుందన్న ఆలోచనే మనకు తెలియకుండ కండరాన్ని కదిలిస్తున్నది. ఈ సంగతిని 1833లో ఆంపియర్‌కు వ్రాసిన లేఖగా ప్రచురించారు. బల్లలు కదిలించే పిచ్చి, పంగలకర్రతో నీటిజాడ పట్టే విద్య ఐరోపాలో ప్రబలినపుడు 1854లో వాటిపైనా ఒక పుస్తకం వ్రాశారు. మన పల్లెలలో బావి త్రవ్వేముందు పంగలకర్ర, కొబ్బరికాయ పట్టుకొని నడిచేవారిని చూసిన విద్యార్థులకు ఈ పుస్తకం పరాయిదిగా తోచదు. పట్టుకొన్నవాడు అబద్ధమాడుతున్నాడని షెవ్రెల్ అనలేదు. తన చేతినే ముందు అనుమానించారు.

1871 జనవరిలో ప్రష్యా సేనలు పారిస్‌ను ముట్టడించి ఫిరంగులు పేల్చినప్పుడు గుండ్లు మ్యూజియం తోటపై, మొక్కల గాజుగృహాలపై పడ్డాయి. ఎనుబది నాలుగేండ్ల ఆ వృద్ధుడు నగరం వదలిపోలేదు. ఒక విద్యాలయంపై జరిగిన ఆ దాడికి నిరసనను అకాడమీ దస్తావేజులలో నమోదు చేయించారు.

1818లో వివాహం చేసుకొన్న సతీమణి 1862లోనే మరణించారు. ఉన్నది ఒక్కడే కుమారుడు. అటుపిమ్మట పుస్తకాలు, అకాడమీ సమావేశాలు, మ్యూజియం ఇవే ఆయనకు సంసారం. మద్యం ముట్టలేదు, ద్రాక్షసారాయి పండే ఆంజే ప్రాంతంలో పుట్టినవానికి ఇది విశేషమే. ఎన్ని బిరుదులు వచ్చినా ఫ్రాన్సు విద్యార్థులందరిలో పెద్దవాడినని చెప్పుకోవడమే ఆయనకు ప్రీతి. 1886 ఆగస్టులో నూరేండ్లు నిండినపుడు దేశమంతా ఉత్సవం జరిపింది. ఛాయాగ్రాహకుడు నదార్ ఆయనతో సంభాషణ జరుపుతుండగా కుమారుడు పాల్ ఫోటోలు తీశాడు. అదే సెప్టెంబరులో పత్రికలో అచ్చయిన ఆ సంభాషణ ఫోటోలతో కూడిన మొదటి ఇంటర్వ్యూగా చరిత్రకెక్కింది.

ఆయన చివరి రోజులలో పారిస్‌లో ఈఫిల్ గోపురం అంతస్తు వెంట అంతస్తు లేస్తున్నది. దానిపై చెక్కిన 72 మంది శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల పేర్లలో షెవ్రెల్ పేరున్నది. 1889 మార్చి 31న గోపురం పూర్తయింది. ఆ రోజులలోనే కుమారుడు మరణించాడు. ఏప్రిల్ 9న తండ్రి కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలతో నోత్రదామ్‌లో ప్రార్థన జరిపి, పారిస్ సమీపంలో ఆయన నివసించిన లాయ్ గ్రామంలో సమాధి చేశారు.

మా మిత్రుని ఇంటికి మేమందరం కలిసి వెళ్ళి, తూకాల పట్టిక చూపి, తప్పు మాదేనని చెప్పుకొన్నాము. ఈ సంవత్సరం సబ్బు కోసినది అతడే, ఆ పాత తీగతోనే. ఈసారి నీరు తగ్గించాము, కొబ్బరినూనె పాలు పెంచాము, బిళ్ళలను సందులు విడిచి నిలువుగా పేర్చి, రెండు రోజులకొకసారి త్రిప్పుతున్నాము. ముఖాలు ఇంకా కొద్దిగా గుంటపడుతూనే ఉన్నాయి.